తేరుకునే గది

సెతూబల్ రేవు పక్క ఆసుపత్రిలో
పొద్దున కోసి సాయంత్రానికి ఇంటికి పంపే వార్డు నాది.
ఆరు పడకలు, ఒకటే కిటికీ.
కిటికీలో మూతపడ్డ సార్డిన్ ఫ్యాక్టరీ పొగగొట్టం,
దాని నెత్తిన కొంగ గూడు.

ఈ ఏడు డాక్టర్ కాండిదా నాకో కాగితాల కట్ట ఇచ్చింది.
ఆపరేషన్ ఒకటే, గజ్జల్లో హెర్నియా.
మత్తు మాత్రం మూడు రకాలు:
కొందరికి ఒళ్లంతా, కొందరికి నడుం కింద,
కొందరికి కోసే చోట మట్టుకే.
ఎవరికేదో కవరు చింపితే తెలుస్తుంది.
ఎవరు ముందు లేచి వెళ్తారో
నిమిషాల్లో రాయడం నా వంతు.

దెవొలిందాకి ఒళ్లంతా.
ముప్పై ఏళ్లు చేపల పొలుసు గీకిన చేతులు
దుప్పటి మీద తెల్లగా పడున్నాయి.
పేరు పెట్టి పిలిస్తే కళ్లు తెరిచి
నన్ను వాళ్లమ్మ అనుకుంది.
"మంట తగ్గించు, అడుగంటుతోంది" అంది.
వణికింది. మూడుసార్లు కక్కింది.
చెల్లెలు గిన్నె పట్టుకుని
"పెళ్లినాడూ ఇంతే ఇది" అంటే
కక్కుతూనే నవ్వింది.
నాలుగు గంటల పది నిమిషాలు.

అబీలియో పడవల మోటార్లు బాగుచేస్తాడు.
మనిషి వచ్చాడు గాని కాళ్లింకా రాలేదు.
దుప్పటి ఎత్తి చూసి "ఇవెవరివి?" అన్నాడు.
బొటనవేలు కదిలితే చప్పట్లు కొట్టబోయి
చుట్టూ చూసి ఆగిపోయాడు.
తర్వాత మూత్రం రావాలి. అదొస్తేనే ఇల్లు.
కుళాయి తిప్పి వదిలాను,
ఆ చప్పుడుకైనా గుర్తొస్తుందేమోనని.
గంట. గంటంబావు.
చివరికి తెర వెనక వాన మొదలైతే
వార్డంతా వినబడనట్టు
మొహం తిప్పుకుంది.
మూడు గంటల నలభై.

ఫెర్మీనోకి డెబ్బై రెండు.
ఒకప్పుడు ఉప్పు మళ్లల్లో పని.
కోసే చోట మట్టుకే మొద్దుబార్చారు.
కత్తి తెలీలేదట,
డాక్టర్లు ఫుట్‌బాల్ గురించి
పోట్లాడుకోవడం తెలిసిందట.
పడక దాకా నడిచే వచ్చాడు.
బిస్కెట్టు తిన్నాడు, టీ తాగాడు, టోపీ అడిగాడు.

యాభై రెండు నిమిషాలు!
ఇంత చిన్న అంకె ఆ గడిలో ఎప్పుడూ వేయలేదు.

తోడెవరు అన్నాను. తోడు లేనిదే పంపకూడదు, రూలు.
"మేనల్లుడు. కింద కారులో ఉన్నాడు."
కిటికీలోంచి చూశాను.
మేనల్లుడు మీటరు వేస్తున్నాడు.
వెనక్కి పిలవొచ్చు.
పిలవలేదు.
అంకె అంత బాగుంది మరి.

మర్నాడు ఫోన్లు చేయడమూ నా పనే.
దెవొలిందా పొయ్యి దగ్గరుంది,
కూర్చోమని వెనక నుంచి చెల్లెలు అరుస్తోంది.
అబీలియోకి లేస్తే తలనొప్పి, పడుకుంటే లేదు.
డాక్టరుకి చెప్పాను.
ఫెర్మీనో చాలా మోతల తర్వాత ఎత్తాడు.
"రెండింటికి వచ్చిందమ్మా,
రాత్రి డ్యూటీ మనిషిలా, తలుపు కొట్టకుండా.
మాత్రలు వంటింట్లో ఉండిపోయాయి."
వంటిల్లు ఎంత దూరం?
"పద్నాలుగడుగులు" అన్నాడు వెంటనే,
మళ్లు కొలిచిన మనిషి.
"తెల్లారేదాకా లెక్కపెట్టాను."

తెప్పరిల్లడమంటే కళ్లు తెరవడం,
అది నా గడియారానికి అందుతుంది.
తేరుకోవడం వేరు.
మడిలో బురద అడుగుకి దిగి పైన నీరు తేటపడాలి,
అందుకు ఎవరూ కలబెట్టని ఒక పూట కావాలి.
ఇక కోలుకోవడం
ఎవరింట్లో జరుగుతుందో, ఎవరి పక్కనో,
ఆ గడి ఈ కాగితంలో గీయలేదు.

యాభై రెండు పక్కన పెన్సిల్‌తో
పద్నాలుగు అని రాశాను.
డాక్టర్ కాండిదా చూసి "ఇదేం కొలత?" అంది.
అడుగులు అన్నాను.
రబ్బరు కోసం సొరుగు తెరిచింది,
తెరిచిన సొరుగు అలాగే వదిలేసింది.

డ్యూటీ దిగి ఉప్పు మళ్ల వైపు బస్సెక్కాను.
మాత్రలు వంటింట్లోంచి మంచం దగ్గరికి మార్చడానికి
ఒక్క నిమిషం పట్టింది.
ఎక్కడా రాయలేదు దాన్ని.